మోకా పాట్ ఏది కొనాలి: కప్పులు, సెగ, నీళ్లు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కాఫీ అలవాటున్న ఇళ్లలో డికాషన్ అంటే ఫిల్టరులో దిగేదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో భాగం. పెళ్లి సామానుకైనా, వైద్యానికైనా, చదువులకైనా ఇక్కడివాళ్లు రైలెక్కింది మద్రాసుకే. స్టీలు ఫిల్టరూ, డవరా గ్లాసూ ఇక్కడి వంటిళ్లలో గట్టిగా స్థిరపడ్డాయి. ఇప్పుడు అదే అలమరలోకి, పొయ్యి మీదే డికాషన్ తీసే మోకా పాట్ కూడా వచ్చి చేరుతోంది. బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు సెలవులకొచ్చినప్పుడు తెస్తున్నారు, లేదా ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నారు. వాటిలో కొన్ని రోజువారీ వాడకంలో నిలుస్తాయి, కొన్ని అటకెక్కుతాయి. అటకెక్కినవన్నీ నాసిరకం సరుకని అనుకోనక్కర్లేదు. కొనేటప్పుడు ఫొటో, ధర, కప్పుల సంఖ్య చూసి కొంటారు. ఇంట్లో ఒక్కసారికి ఎంతమంది తాగుతారు, ఏ పొయ్యి ఉంది, కుళాయిలో ఏ నీళ్లొస్తాయి అన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పాట్ పనికొస్తుందో లేదో తేల్చేవి ఈ మూడే.

మోకా పాట్ ఇటలీ వస్తువు. 1933లో ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో అల్ఫోన్సో బియాలెట్టి అనే అల్యూమినియం పనివాడి వర్క్‌షాపులో పుట్టింది. ఎనిమిది పలకల రూపం అప్పటిదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆయన కొడుకు రెనాటో దాన్ని ఇటలీలో ఇంటింటికీ చేర్చాడు. ఈ రోజు మన ఆన్‌లైన్ అంగళ్లలో కనిపించే రకరకాల పేర్ల పాట్‌లన్నీ ఆ నమూనాకు కొనసాగింపులో, నకళ్లో.

పని చేసే తీరు తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది. అడుగున నీళ్ల గిన్నె, దాని పక్క గోడకు చిన్న సేఫ్టీ వాల్వు ఉంటాయి. గిన్నెలోకి దిగే గరాటు మీద పొడి వేస్తారు. పై గిన్నె అడుగున రబ్బరు రింగు, దాని మధ్యలో సన్న చిల్లుల బిళ్ల అమరి ఉంటాయి. రెండు గిన్నెల్నీ బిగించి సెగ మీద పెడితే, కింద మూసుకుపోయిన గాలీ ఆవిరీ వేడికి వ్యాకోచించి నీళ్లను గరాటు గొట్టంలోంచి పైకి నెడతాయి. నీళ్లు పొడిని తడుపుకుంటూ మధ్య గొట్టం కొసదాకా ఎక్కి పై గిన్నెలో పడతాయి. ప్రెషర్ కుక్కరులో జరిగేది కూడా ఇలాంటిదే, ఒత్తిడి కూడా ఆ స్థాయిదే. మోకా పాట్‌లో పుట్టే ఒత్తిడి సుమారు ఒకటి, రెండు బార్లు (బార్ అంటే ఒత్తిడి కొలత). కాఫీ షాపుల్లోని ఎస్ప్రెస్సో మిషన్ 9 బార్ల దగ్గర పనిచేస్తుంది. కాబట్టి ‘ఇంట్లోనే ఎస్ప్రెస్సో’ అని డబ్బా మీద రాసి ఉన్నా దాన్ని నమ్మి కొనకూడదు. మోకా ఇచ్చేది చిక్కని, వేడి వేడి డికాషన్. పాలు కలుపుకుని తాగే మనకు కావాల్సిందీ అదే.

మొదటిసారి వాడేవాళ్లు మూత తీసి పెట్టి చూడటం మంచిది. మొదట గొట్టం కొసన నల్లటి బొట్లు ఊరుతాయి. తర్వాత సన్నటి ధార మొదలవుతుంది. రంగు నలుపు నుంచి ముదురు గోధుమకూ, అక్కడి నుంచి లేత పసుపుకూ మారుతుంది. ధార తెల్లబడి నురగ కక్కడం మొదలైందంటే కింద నీళ్లు గరాటు గొట్టం కింది కొసకన్నా దిగిపోయాయని అర్థం. ఆ తర్వాత పైకొచ్చేది ఆవిరి. అది పొడిలోని చేదునంతా పిండి తెస్తుంది. గుర్రుమని శబ్దం వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పసుపు తిరగగానే పొయ్యి ఆపేయాలి. మోకా కాఫీ చేదు అని పెదవి విరిచేవాళ్లలో చాలామంది తాగింది ఆ చివరి అర నిమిషాన్నే.

ఇక సైజు. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మోకా పాట్‌లు 1, 2, 3, 6, 9, 12 కప్పుల సైజుల్లో దొరుకుతాయి. ఆ కప్పు ఇటలీ వాళ్ల చిన్న కప్పు, సుమారు 40 నుంచి 50 మిల్లీలీటర్లు. మూడు కప్పుల పాట్‌లో 150 మిల్లీలీటర్ల లోపు నీళ్లు, 15 నుంచి 17 గ్రాముల పొడి పడతాయి. కొంత నీరు పొడి పీల్చుకుంటుంది, కొంత అడుగునే మిగులుతుంది. చేతికొచ్చే డికాషన్ 120 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. ఆరు కప్పుల దానిలో సుమారు 28 నుంచి 30 గ్రాముల పొడితో 250 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. నల్ల కాఫీని పెద్ద మగ్గుల్లో తాగేవాళ్లకు ఈ లెక్క మోసంగా కనిపిస్తుంది. మనకు మాత్రం కలిసొస్తుంది. మన గ్లాసు కాఫీలో డికాషన్ 50 మిల్లీలీటర్లు, పాలు వంద. అంటే ఇటలీ కప్పు దాదాపు మన ఒక గ్లాసు కాఫీకి సరిపడా డికాషన్. చిక్కటి గేదె పాలు పోసే ఇళ్లలో పాలలోని వెన్న, కాఫీ రుచిని కప్పేస్తుంది కాబట్టి ఇంకో పది మిల్లీలీటర్లు ఎక్కువ పడుతుంది. అక్కడ మూడు కప్పుల పాట్‌ను ఇద్దరి కాఫీగా లెక్కవేసుకోవడం క్షేమం.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మోకా పాట్‌లో సగం పెట్టి సగం వదిలేయడం కుదరదు. పొడి గరాటు అంచుదాకా నిండాలి, నీళ్లు వాల్వుకు కాస్త కిందిదాకా రావాలి. గరాటులో పొడి సగమే ఉంటే నీళ్లు పలచగా ఉన్నచోట దారి చేసుకుని దూసుకుపోతాయి, డికాషన్ నీళ్లలా వస్తుంది. ఇద్దరికి రెండు చెంచాలు, చుట్టాలొస్తే ఆరు చెంచాలు అన్న సర్దుబాటు మన స్టీలు ఫిల్టరుకు ఉంది, మోకాకు లేదు. అందుకే ‘ఎప్పుడైనా పనికొస్తుందిలే’ అని ఆరు, తొమ్మిది కప్పులది తీసుకోవడం తప్పు. ఆ ‘ఎప్పుడైనా’ కోసం రోజూ పొడి వృథా అవుతుంది, లేదా డికాషన్ చెడుతుంది. పిల్లలు ఊళ్లో లేక ఇద్దరే ఉంటున్న పెద్దవాళ్లకు మూడు కప్పులది సరిగ్గా సరిపోతుంది. నలుగురూ ఒకే సమయానికి లేచి తాగే ఇంట్లో ఆరు కప్పులది న్యాయం. ఒకరు అయిదింటికీ ఇంకొకరు ఏడింటికీ తాగే ఇంట్లో కూడా మూడు కప్పులదే నయం, రెండుసార్లు పెట్టుకోవచ్చు. ఒక్కసారికి ఎనిమిది మందికి కలపాల్సిన ఉమ్మడి కుటుంబానికి మోకా పాట్ అవసరమే లేదు. అక్కడ పెద్ద ఫిల్టరును మించింది లేదు.

పొయ్యి విషయానికొద్దాం. మూడు కప్పుల పాట్ అడుగు వెడల్పు ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు ఉంటుంది. మన గ్యాస్ పొయ్యిల మీది కాళ్లు అన్నం గిన్నెలకూ కుక్కర్లకూ చేసినవి. వాటి మధ్య ఖాళీలో ఇంత చిన్న పాత్ర ఒరిగిపోతుంది. పుల్కాలు కాల్చే జాలీ ఒకటి కింద వేస్తే ఆ బెడద తీరిపోతుంది. పెద్ద బర్నరు మీద పెట్టి మంట పెంచితే సెగ అడుగు దాటి పక్కలకు పాకి పిడిని మాడుస్తుంది. చవక పాట్‌ల ప్లాస్టిక్ పిడులు కరిగేది ఇలాగే. చిన్న బర్నరు మీద, సిమ్‌లో, మంట అడుగు అంచు దాటకుండా పెట్టాలి. మంట ఎక్కువైతే నీళ్లు తొందరపడి పొడిలోంచి దూసుకొస్తాయి, రుచి దిగే సమయం ఉండదు. నీళ్లు చల్లగా పోస్తే కాగేదాకా పొడి కూడా వేడెక్కి కమురు వాసన పట్టే అవకాశం ఉంది. ముందే కాచిన నీళ్లు పోసి బిగించడం మేలు, కాకపోతే కింది గిన్నె కాలుతుంది, గుడ్డతో పట్టుకోవాలి.

గ్యాస్ బండ అయిపోయినప్పటికి ఉంటుందని చాలా ఇళ్లలో ఇండక్షన్ పొయ్యి ఉంచుకుంటారు. దాని మీద అల్యూమినియం పాట్ అసలు వేడెక్కదు. స్టీలైనా అన్నీ పనిచేయవు. కొనేముందు అడుగుకు అయస్కాంతం పెట్టి చూడాలి, గట్టిగా అతుక్కుంటేనే ఇండక్షన్‌కు పనికొస్తుంది. అతుక్కున్నా ఇంకో చిక్కుంది. చాలా ఇండక్షన్ పొయ్యిలు 12 సెంటీమీటర్ల కన్నా చిన్న అడుగును పాత్రగా గుర్తించవు. మూడు కప్పుల స్టీలు పాట్ పెడితే పొయ్యి కూతలు పెడుతూ ఆగిపోతుంది. మధ్యలో పెట్టుకునే ఇనుప పలక విడిగా అమ్ముతారు కానీ, దానికి కాగే సమయమూ కరెంటూ రెండూ పెరుగుతాయి. ఇండక్షన్ మీదే వాడదలచుకున్నవాళ్లు పాట్ అడుగు వెడల్పు ఎంతో, తమ పొయ్యి మాన్యువల్లో కనీసం ఎంత అని రాసి ఉందో రెండూ చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

ఈ రెండు జిల్లాల వరకు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది నీళ్ల గురించి. మోకా పాట్ గురించి ఇటలీ వాళ్లు చెప్పే సలహాల్లో నీళ్లకు అంత చోటు ఉండదు. ఇక్కడి పరిస్థితి వేరు. నెల్లూరు నగరానికి పెన్న నీళ్లు, ఒంగోలుకు సాగర్ కాలువ నుంచి చెరువుల్లో నిల్వచేసిన నీళ్లు వస్తాయి. ఇవి బోరు నీళ్ల కన్నా నయమే. తీరం వెంట ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. పశ్చిమాన కనిగిరి, మర్రిపూడి ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంది. కాఠిన్యం కూడా ఎక్కువ. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, ప్రత్యామ్నాయం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని భారత ప్రమాణం చెబుతోంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. కాఫీకి ఎలాగూ మరిగిస్తాం కదా అని బోరు నీళ్లే పోయడం అక్కడ ఆరోగ్యానికే చేటు.

కఠిన జలం పాత్రకు చేసే హాని వాల్వు దగ్గర మొదలవుతుంది. నీళ్లు కాగినప్పుడల్లా సున్నపు పొర కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. వాల్వు లోపలి స్ప్రింగూ చిన్న బిళ్లా ఆ పొరలో బిగుసుకుపోతే అది తెరుచుకోదు. పొడి మరీ సన్నగా ఉండి పై దారి మూసుకుపోయిన రోజున ఒత్తిడి బయటికి పోవడానికి ఉన్న ఒకే దారి ఆ వాల్వు. దాన్ని శుభ్రంగా ఉంచడం మోకా వాడేవాళ్లు ఎన్నడూ మరవకూడని పని. ఇందుకు మందులేమీ కొనక్కర్లేదు. పొదలకూరు నిమ్మ మార్కెట్టున్న జిల్లాలో నిమ్మకాయకు కరువా? పొడి వేయకుండా, నీళ్లలో అరచెక్క నిమ్మరసం పిండి ఒకసారి పొయ్యి మీద నడిపించి, తర్వాత ఉత్త నీళ్లతో ఇంకోసారి నడిపిస్తే పొర కరిగిపోతుంది. నిమ్మ ఉప్పు చిటికెడు వేసినా అదే ఫలితం.

ఉప్పు నీళ్లు వేరే రకంగా దెబ్బతీస్తాయి. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే సన్నటి ఆక్సైడ్ పొరే లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను చుక్కలు చుక్కలుగా ఛేదిస్తుంది. కింది గిన్నెలో నీళ్లు రాత్రంతా నిలవ ఉంటే తెల్లారేసరికి అడుగున తెల్లటి పొక్కుల్లాంటివి కనిపిస్తాయి. గోరుతో గీకితే పొడి రాలి కింద సన్నటి గుంట బయటపడుతుంది. ఇత్తడి వాల్వు అల్యూమినియంలో బిగించిన చోట ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, రెండు వేరు వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరడమే కారణం. గుంటలు పడిన గిన్నె మళ్లీ మామూలవదు.

కాబట్టి లోహం ఎంపిక రుచి కోసం చేసే వాదన కింద మిగలకూడదు. ఆర్వో నీళ్లో క్యాన్ నీళ్లో మాత్రమే పోసి, వాడిన వెంటనే కడిగి, తుడిచి, విప్పి ఆరబెట్టే అలవాటు ఉన్న ఇంట్లో అల్యూమినియం పాట్ ఏళ్లకేళ్లు నిలుస్తుంది. ధర తక్కువ, వేడి సమానంగా పాకుతుంది. తీరం వైపు బోరు నీళ్లే వాడాల్సి వస్తే, లేదా పనిమనిషి చేత తోమించే ఇల్లయితే, స్టీలు పాట్‌కే ఓటు వేయాలి. ఎందుకంటే అల్యూమినియంను స్టీలు పీచుతో రుద్దకూడదు, వంటసోడాతోనూ తోమకూడదు. సోడా క్షారం అల్యూమినియంను తినేసి నల్లబరుస్తుంది. సింకులోకి వెళ్లిన ప్రతి గిన్నెకూ పీచు తగిలే ఇంట్లో ఈ నిషేధాలు నాలుగు రోజులు కూడా నిలవవు. స్టీలుకు ఆ బాధ లేదు. ఆర్వో నీళ్ల గురించి ఒక మాట: లవణాలు మరీ తక్కువైన నీళ్లలో కాఫీ కాస్త చప్పగా దిగుతుంది. నల్ల కాఫీ తాగేవాళ్లకు తేడా తెలుస్తుంది. పాలు కలిపితే ఎవరూ పట్టించుకోరు, అందుకని వాల్వు బాగోగులకే మొగ్గడం తెలివైన పని.

సిల్వరు గిన్నె, అంటే అల్యూమినియం గిన్నె, ఆరోగ్యానికి మంచిదేనా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. పులుసు సిల్వరు గిన్నెలో నిలవ ఉంచకూడదని మన ఆడవాళ్లు చెప్పే మాటలో న్యాయం ఉంది. చింతపండు పులుపు గంటల తరబడి లోహాన్ని కరిగిస్తుంది. కాఫీలో పులుపు దానితో పోలిస్తే తక్కువ, పాత్రలో ఉండేది కొన్ని నిమిషాలు. ఐక్యరాజ్య సమితి ఆహార, ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 2011లో, మనిషి శరీర బరువు కిలోకు వారానికి 2 మిల్లీగ్రాముల దాకా అల్యూమినియం ఫరవాలేదని తేల్చింది. 60 కిలోల మనిషికి అది 120 మిల్లీగ్రాములు. మోకా కాఫీ ద్వారా చేరేది అందులో చాలా చిన్న భాగం. కిడ్నీ జబ్బున్నవాళ్ల సంగతి మాత్రం వేరు, వాళ్ల ఒంట్లోంచి అల్యూమినియం బయటికి పోవడం కష్టం. ఆ ఇంట్లో స్టీలే కొనాలి.

పొడి గురించి. మన కొట్లలో ఫిల్టరు పొడి అడిగితే చాలావరకు చికోరీ (ఒక మొక్క వేరును వేయించి ఆడించిన పొడి) కలిపిందే ఇస్తారు. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, చికోరీ ఎంతో ప్యాకెట్ మీద రాయాలి అని మన ఆహార ప్రమాణాల నిబంధన. ఆ అంకె చదవాలి. స్టీలు ఫిల్టరులో చికోరీ నీళ్లను పట్టి ఉంచి, డికాషన్ నిదానంగా దిగేలా చేసి, చిక్కదనం తెస్తుంది. అక్కడ దానికి ఒక పని ఉంది. మోకాలో అంత సమయం ఉండదు. తడిసి ఉబ్బిన చికోరీ పొడిని జిగురుగా మార్చి నీళ్ల దారికి అడ్డుపడుతుంది. 60:40 మిశ్రమం వేస్తే ఎంతసేపటికీ ధార రాదు, వాల్వు దగ్గర బుసలు మొదలవుతాయి. 80:20 దాకా సర్దుకోవచ్చు. చికోరీ లేనిదైతే ఇంకా మంచిది. మన రాష్ట్రంలోనే పండే అరకు అరబికా రకం కాఫీ ఉంది, 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాలతో తాగేవాళ్లు అందులో రోబస్టా అనే ఘాటైన రకం కొంత కలిపించుకుంటే ఘాటు నిలుస్తుంది. ఉత్త అరబికా డికాషన్ గేదె పాలలో తేలిపోతుంది.

ఎంత సన్నగా ఆడించాలన్నది వేళ్లతో తేల్చుకోవచ్చు. చిటికెడు పొడి తీసి నలిపితే పలుకు తగలాలి, పిండిలా అంటుకోకూడదు. గరాటులో వేశాక చెంచాతో అదమకూడదు. వేలితో పైపైన సమం చేసి, అంచు మీద పడిన రేణువులు తుడిచి, గట్టిగా బిగించాలి. అంచు మీద నాలుగు రేణువులు మిగిలినా రబ్బరు రింగు సరిగ్గా కూర్చోదు, ఆవిరి పక్కనుంచి కారిపోతుంది.

పాట్ చేతికందాక చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మరలు మధ్యలోనే బిగుసుకుని ఆగిపోతే, లేదా వంకరగా ఎక్కుతుంటే వెనక్కి పంపేయాలి. గరాటు కింది గిన్నెలో ఊగకుండా కూర్చోవాలి. వాల్వు మధ్యలో చిన్న పుల్ల బయటికి పొడుచుకుని ఉండి, వేలితో కదిపితే కదిలే రకమైతే సున్నం పట్టిందో లేదో కడిగేటప్పుడే తెలిసిపోతుంది. ఆ రకమే ఎంచుకోవాలి. మొదటి రెండు మూడు సార్లు వచ్చిన డికాషన్ పారబోయాలి, తయారీలో మిగిలిన నూనె మరకలు పోవడానికి.

అన్నిటికన్నా ముందు అరిగేది రబ్బరు రింగు. కుక్కరు గ్యాస్కెట్టు ఒంగోలులోనూ కావలిలోనూ ఏ గిన్నెల కొట్లో అడిగినా ఇస్తారు. మోకా రింగు అలా దొరకదు. కంపెనీకీ కంపెనీకీ, సైజుకూ సైజుకూ కొలత మారుతుంది. అమ్మే చోట అదే పాట్‌కు రింగు, చిల్లుల బిళ్ల విడిగా దొరుకుతున్నాయో లేదో చూసి, ఒక జత అదనంగా అప్పుడే తెప్పించుకోవాలి. విడి సామాను దొరకని పాట్ ఎంత చవకైనా వదిలేయాలి. బిగించింది సరిగ్గానే ఉన్నా రెండు గిన్నెల మధ్య తడి మెరుస్తూ బుడగలు వస్తున్నాయంటే రింగు గట్టిపడినట్టు. అక్కడి నుంచి ఎంత బిగించినా లాభం లేదు, మరలు అరుగుతాయి. పాత రింగును చెంచా కొసతో లేపి తీసి, కింద పేరుకున్న పొడి కడిగి, కొత్తది నొక్కి పెట్టడం అయిదు నిమిషాల పని.